కాలువ వెంట వలస, గట్టు మీద సమాధి

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల నల్లరేగడి చేలలో, పత్తి సాళ్లకూ మిరప సాళ్లకూ నడుమ, డొంక పక్కనో గట్టు చివరనో సున్నం కొట్టిన చిన్న సమాధులు కనిపించడం సర్వసాధారణం. ఇటుకలతో నడుము ఎత్తు దిమ్మె కట్టి, స్థోమత ఉన్నవారు దానికి పాలరాతి పలక అతికించి, దాని మీద ఇంటిపేరూ పేరూ జనన మరణ తేదీలూ చెక్కించి నిలిపిన ఈ కట్టడాలు చాలావరకు ఆ పొలాన్ని కొన్నవారివో, బాగుచేసినవారివో, పిల్లలకు పంచి ఇచ్చినవారివో అయి ఉంటాయి. వ్యవసాయ కుటుంబాలలో చాలామంది దహనం జరిపిన చోటనో ఖననం జరిపిన చోటనో ఇలా గుర్తు కట్టుకుంటారు. క్రైస్తవ కుటుంబాలు ఎక్కువగా ఊరి చివరి సమాధుల తోటలో శిలువ నిలుపుకుంటాయి. పొలంలో సమాధికి కావలసిన మొదటి అర్హత కీర్తి కాదు, భక్తి కూడా కాదు. ఆ నేల చనిపోయినవారి పేర పట్టా అయి ఉండడం. సమాధిని సాధారణంగా బంధుప్రేమకు గుర్తుగా చూస్తాం గానీ, ఇది భూమి హక్కుకు కూడా గుర్తు అన్న సంగతిని ముందు పెట్టుకుంటేనే ఈ నేల నుంచి బయలుదేరి కొత్త నేలలను సాగులోకి తెచ్చిన వలస రైతుల చరిత్ర సరిగా అర్థమవుతుంది.

మరణించినవారికి రాయి నిలపడం ఈ ప్రాంతంలో కొత్త ఆచారమేమీ కాదు. పల్నాడులో చరిత్రకు పూర్వపు బృహచ్ఛిలా సమాధులు, అంటే పెద్ద బండలను వలయంగానో గదిగానో పేర్చి లోపల అస్థికలు, మట్టికుండలు ఉంచిన కట్టడాలు ఉన్నాయి. జనం వాటిని రాకాసి గుళ్లు అని పిలుస్తారు. క్రీస్తుశకం మూడు, నాలుగు శతాబ్దాలలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురిగా వెలిగిన నాగార్జునకొండలో ఛాయాస్తంభాలు దొరికాయి. ఛాయాస్తంభమంటే చనిపోయిన వ్యక్తి స్మృతికి నిలిపిన శాసన స్తంభం. రాజుకే గాక సేనానులకు, యుద్ధంలో పడిన వీరులకు, చేతిపనివారికి కూడా అక్కడ స్తంభాలు నిలిపారు. నాగార్జునసాగర్ జలాశయంలో ఆ లోయ మునిగిపోకముందు 1954 నుంచి 1960 వరకు జరిగిన తవ్వకాలలో వెలుగు చూసిన వాటిలో కొన్నింటిని ఇప్పుడు ద్వీపం మీది ప్రదర్శనశాలలో చూడవచ్చు. కారెంపూడిలో పల్నాటి వీరుల గుడి, అక్కడ ఏటా జరిగే ఉత్సవం అదే సంప్రదాయానికి తరువాతి రూపాలు. అయితే ఈ రాళ్లన్నీ ఉన్న ఊరిలో పేరు తెచ్చుకున్నవారివి. ఊరు విడిచి పోయినవారికి, దారిలో పోయినవారికి రాయి దొరకడం అరుదు.

అందుకు అతి పెద్ద సాక్ష్యం 1832–33 నాటి కరువు. నందన నామ సంవత్సరంలో వచ్చింది గనుక నందన కరువనీ, మనుషులు డొక్కలు తేలి రాలిపోయారు గనుక డొక్కల కరువనీ జనం పిలుచుకున్న ఆ ఉత్పాతంలో, గుంటూరు ప్రాంతపు సుమారు 5 లక్షల జనాభాలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది చనిపోయారని అంచనా. తిండి వెదుక్కుంటూ మద్రాసు దారి పట్టిన వేలాది మందిలో ఎందరో ఆ దారి పక్కనే ప్రాణాలు విడిచారు. వారికి దహనం లేదు, ఖననం లేదు, గుర్తు మాట చెప్పనే అక్కర లేదు. ఈ జిల్లాల వలస చరిత్ర ఇలా సమాధులు లేని మరణాలతో మొదలవుతుంది.

ఆ కరువు తరువాత రెండు దశాబ్దాలకు, ఆర్థర్ కాటన్ ప్రణాళికను అనుసరించి 1852–55 మధ్య విజయవాడ వద్ద కృష్ణానది మీద ఆనకట్ట కట్టారు. దానితో ఒకే జిల్లా రెండు జిల్లాలుగా చీలిపోయినట్టయింది. తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు పల్లపు భూములకు కాలువ నీరు అంది వరి మాగాణాలయ్యాయి. నరసరావుపేట, సత్తెనపల్లి, వినుకొండ, పల్నాడు, అటు దక్షిణంగా అద్దంకి, దర్శి, ఒంగోలు, కందుకూరు వైపు మెట్ట మాత్రం వానను నమ్ముకుని జొన్న, పత్తి, మిరప, పొగాకు పండిస్తూ ఉండిపోయింది. కాకినాడ రేవు మీదుగా ఎగుమతి అయినందువల్ల కోకనాడ పత్తి అని పేరుపడిన ఎర్రటి ఛాయగల దూది ఈ మెట్టలలోనే పండేది. మాగాణి వైపు నీరు ఉన్నా భూమి చాలలేదు. మెట్ట వైపు భూమి ఉన్నా నీరు లేదు. తండ్రికి పదెకరాలుంటే నలుగురు కొడుకులకు తలా రెండున్నర ఎకరాలు వచ్చే కాలానికి, మాగాణి ధర సామాన్య రైతు అందుకోలేనంత ఎత్తుకు పోయింది. 1930ల ఆర్థికమాంద్యంలో ధాన్యం, పత్తి ధరలు పడిపోవడంతో అప్పులు పెరిగాయి. వ్యవసాయం చేతనైనవారు ఎక్కువై, చేయడానికి చేను తక్కువైన ఈ స్థితిలోనే నీరు కొత్తగా పారబోతున్న దూర ప్రాంతాల కబుర్లు ఊళ్లకు చేరాయి.

మొదటి కబురు నిజాం రాజ్యం నుంచి వచ్చింది. మంజీరా నది మీద నవాబ్ అలీ నవాజ్ జంగ్ ప్రధాన ఇంజనీరుగా 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కింద, అప్పటి నిజామాబాద్ జిల్లాలోని బాన్సువాడ, బోధన్, వర్ని ప్రాంతాలకు నీరు వచ్చింది గానీ, కాలువ కింద వరి, చెరకు పండించే అనుభవం, దానికి కావలసిన పెట్టుబడి స్థానిక రైతుల వద్ద తగినంతగా లేవు. కోస్తా రైతులు అక్కడ భూములు కొనుక్కుని క్యాంపులు వేసుకున్నారు. బోధన్‌లో 1930ల చివర వెలసిన నిజాం చక్కెర కర్మాగారం చెరకుకు గిరాకీ తెచ్చి ఆ వలసను మరింత పెంచింది. ఇప్పటికీ తెలంగాణలో సెట్లర్లు అనే మాట వినబడితే ముందుగా గుర్తుకు వచ్చేది ఈ తొలి కోస్తా రైతుల సంతతే.

రెండో కబురు ఇంకా పెద్దది. హోసపేట దగ్గర మల్లాపురం వద్ద తుంగభద్ర మీద ఆనకట్ట కట్టాలని మద్రాసు ప్రభుత్వం, హైదరాబాద్ ప్రభుత్వం దశాబ్దాల పాటు చర్చించి, చివరకు 1945 ఫిబ్రవరి 28న నదికి రెండు ఒడ్డులా వేర్వేరుగా శంకుస్థాపన జరిపించాయి. 1953 జులై 1న కాలువలకు నీరు వదిలారు. ఎడమ గట్టు ప్రధాన కాలువ 227 కిలోమీటర్ల పొడవున అప్పటి రాయచూరు జిల్లాను చీల్చుకుంటూ పోయి, గంగావతి, కారటగి, సింధనూరు, మాన్వి ప్రాంతాలలో సుమారు ఆరు లక్షల ఎకరాలకు నీరందించేలా రూపొందింది. కుడి గట్టున సిరుగుప్ప, కంప్లి వైపు కూడా ఆయకట్టు ఏర్పడింది. ఆ భూమి నల్లరేగడి. దాని మెత్తదనం, పగుళ్లు, జిగురు, వాన పడితే చెప్పు ఊడిపోయే బురద గుంటూరు, ఒంగోలు రైతుకు పుట్టినప్పటి నుంచి తెలిసినవే. అటువంటి భూమికి నీరు కలిస్తే ఏం పండుతుందో ఊహించడానికి అతనికి ఎవరి సలహా అవసరం లేకపోయింది.

ఈ వలసలో రైలు పాత్రను గురించి తగినంతగా రాసినవారు తక్కువ. సదరన్ మరాఠా రైల్వే పందొమ్మిదో శతాబ్దం చివర వేసిన మీటరు గేజి మార్గం గుంటూరు నుంచి నరసరావుపేట, వినుకొండ, దొనకొండ, మార్కాపురం, కంభం, గిద్దలూరు, నంద్యాల, డోన్ మీదుగా గుంతకల్లు చేరి, అక్కడి నుంచి బళ్లారి, హోసపేట వైపు సాగేది. అంటే, పత్తి, మిరప పండే మెట్ట ఊళ్లన్నింటినీ కలుపుకుంటూ పోయిన అదే పట్టాల వరుస, తుంగభద్ర ఆనకట్ట ముంగిటి దాకా తీసుకుపోయేది. భూమి చూసి రావడానికి ఊరికొక పెద్దమనిషి రైలెక్కి పోవడం, తిరిగి వచ్చి అరుగు మీద కూర్చుని నాలుగు కుటుంబాలను ఒప్పించడం, ఇక్కడ ఒక ఎకరం అమ్మి అక్కడ పలు ఎకరాలు కొనడం అనే లెక్క ఆ మార్గం వల్లే సులువైంది. భాష వేరు, రాజ్యం వేరు అయినా దూరం మాత్రం ఒక రాత్రి, ఒక పగటి ప్రయాణానికి అటూ ఇటూగా కుదించుకుపోయింది.

అయితే భూమి కొనడం వేరు, అందులో బతకడం వేరు. తొలి సంవత్సరాలలో వచ్చినవారు దిగింది ఊళ్లలో కాదు. కాలువ పనుల కోసం ఇంజనీర్లు, కూలీలు వేసుకున్న గుడారాలలాగే పొలాల నడుమ తాటాకు పాకలు, రెల్లు పాకలు వేసుకుని దిగారు. ఆ నివాసాలకు అందుకే క్యాంపులన్న పేరు స్థిరపడి, పక్కా ఇళ్లు, గుళ్లు, బడులు, రైసు మిల్లులు వచ్చిన తరువాత కూడా ఊరి పేరులో భాగమై నిలిచింది. గంగావతి తాలూకాలోని శ్రీరామనగర్, సింధనూరు తాలూకాలోని గాంధీనగర్ వంటివి అలా తెలుగువారి నివాసాల నుంచి ఎదిగిన ఊళ్లు. తుమ్మ కంపలు కొట్టి, మొద్దులు పెకలించి, ఎత్తుపల్లాల నేలను ఎడ్లతో మట్టి లాగించి సరిచేసి, గట్లు వేసి మడులు కట్టడమే మొదటి రెండు మూడేళ్ల పని. ట్రాక్టర్లు అరుదైన కాలమది. వానాకాలంలో రేగడి దారులలో బండి చక్రం ఇరుసు దాకా దిగబడిపోయి, బడికీ బజారుకూ వైద్యానికీ దారి మూసుకుపోయేది. బావి తవ్వితే చాలాచోట్ల ఉప్పునీరే తగిలేది గనుక కాలువ నీరే తాగునీరు. కాలువలో నీరు నిలిపివేసే వేసవిలో ఏం తాగాలన్నది ప్రతి క్యాంపుకూ ప్రతి ఏడూ ఎదురయ్యే ప్రశ్న.

అన్నింటికంటె పెద్ద శత్రువు చలిజ్వరం. మలేరియా పరాన్నజీవిని మోసే అనాఫిలస్ దోమ మురికినీటిలో కంటె నిలిచిన మంచినీటిలో బాగా పెరుగుతుంది. కొత్తగా తవ్విన కాలువల పక్క గుంటలు, మట్టి తీసిన గోతులు, ఊట దిగిన పల్లాలు, వరి మడులు దానికి అనువైన చోట్లు. కొత్తగా కాలువ నీరు వచ్చిన ప్రతి ప్రాంతంలోనూ, నిజాంసాగర్ కింద గానీ పంజాబులో గానీ, మొదటి దశాబ్దాలలో మలేరియా విజృంభించడానికి కారణం ఇదే. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి దేశంలో ఏటా ఏడున్నర కోట్ల మంది మలేరియా బారిన పడేవారనీ, ఎనిమిది లక్షల మంది చనిపోయేవారనీ ప్రభుత్వ అంచనా. జ్వరం పదేపదే వచ్చినవారికి ప్లీహం పెరిగి పొట్టలో గట్టిగా తగిలేది. దానిని పల్లెల్లో బల్ల అనేవారు. బల్ల పెరిగిన మనిషి చావకపోయినా అరక పట్టలేడు. తుంగభద్ర నీరు వదిలిన 1953లోనే జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం ఆరంభమై, ఇళ్ల గోడలకు డి.డి.టి. కొట్టడం దేశమంతటా మొదలు కావడం ఆ వలసదారుల అదృష్టమనే చెప్పాలి. ఇరవై ఏళ్ల ముందు నిజాంసాగర్ కింద దిగినవారికి ఆ అండ లేదు, కొయినా గుళికలు తప్ప. తొలితరం వలసలో చిన్నపిల్లలూ బాలింతలూ ఎంతమంది పోయారన్న లెక్క ఎక్కడా పుస్తకాలకు ఎక్కలేదు. పసిపిల్లలకు సమాధి కట్టే ఆచారం పెద్దగా లేకపోవడం వల్ల, ఆ మరణాలకు నేల మీద కూడా గుర్తు లేదు.

పెద్దల విషయంలో కూడా క్యాంపుల చరిత్రను చెప్పే రాళ్లు ఒక తరం ఆలస్యంగా వచ్చాయి. వలస వచ్చిన మనిషి తనను తాను ఎక్కడివాడుగా భావిస్తున్నాడో అతడు చనిపోయినప్పుడు తీసుకునే నిర్ణయాలలో బయటపడుతుంది. సొంత ఊరిలో ఇంకా ఇల్లు, అన్నదమ్ములు, కొంత పొలం ఉన్నంతకాలం పెళ్లిళ్లు, పురుళ్లు, కర్మకాండలు అటువైపే లాగుతాయి. అస్థికలు కృష్ణలో కలపాలా తుంగభద్రలో కలపాలా అన్న ప్రశ్న అటువంటి కుటుంబాలలో చిన్నదేమీ కాదు. సొంత ఊరి ఆస్తి అమ్ముడుపోయి, కన్నడ బడిలో చదివిన పిల్లలు మిల్లులు, దుకాణాలు పెట్టుకున్నాక ప్రశ్న తానంతట అదే తీరిపోతుంది. ఎవరు కొన్న పొలం గట్టున వారిని నిలపడం అనే గుంటూరు, ఒంగోలు అలవాటు కూడా విత్తనాలతో, ఎడ్లతో, బంధుత్వాలతో కలిసి ఆ కాలువల కిందకు పోయింది.

ఈలోగా వారు కదలకుండానే వారి కింద సరిహద్దులు కదిలాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లాలో అధిక భాగం మైసూరుకు పోయింది. 1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలై రాయచూరు జిల్లా మైసూరులో చేరింది. నిజామాబాద్‌కు పోయిన గుంటూరువారు అదే రోజున సొంత జిల్లాతో ఒకే రాష్ట్రంలోకి వచ్చి, 2014 జూన్ 2న మళ్లీ వేరు రాష్ట్రంవారయ్యారు. ఒకే ఊరి నుంచి, ఒకే ఇంటిపేరుతో బయలుదేరిన శాఖలకు ఈనాడు మూడు రాష్ట్రాలలో ఓట్లుండడం ఈ ప్రాంతంలో ఆశ్చర్యపడవలసిన సంగతి కాదు.

తుంగభద్ర వలసను విజయగాథగా చెప్పడం తేలిక. గంగావతి, కారటగి, సింధనూరు కర్ణాటకలో ధాన్యానికీ బియ్యానికీ పెట్టింది పేరయ్యాయి. కాని ఆ కాలువ వరి కోసం కట్టింది కాదు. కరువు సీమలో వీలైనన్ని ఎక్కువ ఎకరాలకు కొద్దికొద్దిగా నీరు పంచి జొన్న, పత్తి, వేరుసెనగ వంటి ఆరుతడి పంటలను ఎండిపోకుండా కాపాడాలన్నది దాని ఉద్దేశం. నీటిపారుదల శాస్త్రంలో దీనిని రక్షణ సేద్యం అంటారు. ఏ సర్వే నంబరులో ఏ పంట వేయాలో ప్రభుత్వమే ముందుగా నిర్ణయించింది, వరికి కేటాయించింది కొద్ది భాగమే. కోస్తా నుంచి వచ్చిన రైతు కాలువ మొదటి భాగంలో భూములు కొని, ఆరుతడికి కేటాయించిన నేలలో కూడా వరి వేశాడు. డచ్చి పరిశోధకుడు పీటర్ మొలింగా ఈ ఎడమ కాలువ మీద చేసిన సుప్రసిద్ధ అధ్యయనం ఈ పరిణామాన్ని సవివరంగా చూపించింది: ఎగువ వరి మడులు నిండుగా ఉండగా రాయచూరు వైపు చివరి భూములకు నీరు చేరకపోవడం, తూముల దగ్గర తగాదాలు, అధికారుల మీద రాజకీయ ఒత్తిళ్లు అక్కడ మామూలైపోయాయి. పదేపదే నీరు నిలిపిన రేగడిలో ఊట పైకి వచ్చి, ఉప్పు తేలి చౌడు పట్టిన భూములు కూడా ఏర్పడ్డాయి. గంగావతి వ్యవసాయ పరిశోధన కేంద్రం ఇప్పటికీ చౌడు నేలల మీద పని చేస్తున్నది. వచ్చినవారి చాకిరీ నిజం. దిగువన ఎండినవారి నష్టం కూడా అంతే నిజం.

ఎగువ భూములను అమ్మిన స్థానిక రైతుల సంగతీ ఆలోచించదగినదే. నీరు రాకముందు, వానకు ఒక జొన్న పంట పండే భూమికి అప్పటి ధర వారికి తక్కువనిపించకపోవచ్చు. నీరు వచ్చాక దాని విలువ పెరిగినప్పుడు లాభం కొన్నవారిది. అమ్మినవారిలో కొందరు అదే నేలలో కూలీలయ్యారు. వలసదారుల వెంట కోస్తా నుంచి వచ్చిన కూలి కుటుంబాలు, వాటిలో ఎక్కువగా దళితులు, నాట్లు వేసి, కలుపు తీసి, కోతలు కోసి ఆ క్యాంపులను నిలబెట్టాయి. పట్టా లేనందువల్ల పొలంలో వారికి సమాధి లేదు. ఊరు కొత్తది గనుక శ్మశానానికి కేటాయించిన స్థలం కూడా చాలాకాలం సరిగా ఉండేది కాదు. కొత్త నేలను సాగులోకి తెచ్చినవారెవరో రాళ్లను బట్టి లెక్కపెట్టేవారికి ఈ కుటుంబాలు కనిపించవు.

ఇతర దేశాల చరిత్రతో పోల్చి చూస్తే ఈ తేడాలు మరింత స్పష్టమవుతాయి. అమెరికాలో 1840ల నుంచి మూడు దశాబ్దాల పాటు మూడు నాలుగు లక్షల మంది గుడారపు బండ్లలో పశ్చిమానికి పోయిన ఓరిగన్ మార్గంలో కలరా మరణాలు విపరీతం; తోడేళ్లు తవ్వకుండా ఉండేందుకు శవాన్ని బాటలోనే పాతిపెట్టి, పైన బండ్లు నడిపించి జాడ చెరిపేసేవారు. 1852లో నెబ్రాస్కాలో కలరాతో మరణించిన రెబెకా వింటర్స్ సమాధి మిగలడానికి కారణం, బండి చక్రపు ఇనుప కమ్మీ మీద ఆమె పేరు చెక్కి పాతడం. అర్ధశతాబ్దం తరువాత అటు రైలుమార్గం వేసినప్పుడు ఆ గుర్తు చూసి పట్టాలను కొంత పక్కకు జరిపారని ప్రసిద్ధి. ఆ వలసదారులకు 1862 చట్టం 160 ఎకరాల చొప్పున ఉచితంగా ఇచ్చిన భూమి, మూలవాసుల నుంచి బలవంతంగా తీసుకున్నది. మరోవైపు, పంజాబులో 1890ల నుంచి చీనాబ్ కాలువ కింద బ్రిటిష్ ప్రభుత్వం వలసదారులను తానే ఎంపిక చేసి, నంబర్లు వేసిన ఊళ్లలో కొలిచి కూర్చోబెట్టింది. తుంగభద్ర ఈ రెండింటికీ చెందదు. ఇక్కడ ప్రభుత్వం నీరు మాత్రమే తెచ్చింది. మనుషులను తెచ్చింది సంత, రైలు, బంధుత్వం.

తెలుగువారి వలసలలో ఇంకా పాతది ఒకటి సమాధులకు బదులు కథలలో నిలిచింది. విజయనగర, నాయక రాజుల కాలంలో దక్షిణానికి పోయి, తిరునెల్వేలి, కోవిల్‌పట్టి వైపు కరిసల్ అనబడే నల్లరేగడి నేలల్లో పత్తి సాగుతో స్థిరపడిన తెలుగు కుటుంబాల సంతతివాడైన తమిళ రచయిత కి. రాజనారాయణన్, ఆ పూర్వుల ప్రయాణాన్నీ ఊరి నిర్మాణాన్నీ 1976 నాటి గోపల్ల గ్రామం నవలలో చిత్రించారు. దాని తరువాయి భాగానికి 1991లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. నల్లరేగడి ఉన్న చోటికే ఈ రైతులు పోవడం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. తుంగభద్ర క్యాంపుల తొలితరానికి అటువంటి నవల తెలుగులో రావలసినంతగా రాలేదు.

ఇటు సొంత జిల్లాల్లో కథ మరో మలుపు తిరిగింది. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలడంతో నరసరావుపేట, వినుకొండ, దర్శి, ఒంగోలు మెట్టలలో కొంత భాగానికి నీరందింది. 1970లలో సంకర పత్తి విత్తనాలు వచ్చాయి, పెట్టుబడి పెరిగింది, పురుగుమందుల వాడకం అదుపు తప్పింది. 1987–88లో తెల్లదోమ విజృంభించి పంట తుడిచిపెట్టుకుపోయినప్పుడు ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తి రైతులు పలువురు ఆత్మహత్యలు చేసుకున్నారు. తరువాతి దశాబ్దంలో వరంగల్‌లో దేశమంతా చూసిన పత్తి రైతుల ఆత్మహత్యల విషాదానికి అది ముందు సూచన. 2021–22లో నల్ల తామర పురుగు మిరప తోటలను అలాగే దెబ్బతీసింది. ఇంత నష్టపోయిన రైతులలో చాలామంది భూస్వాములు కారు, కౌలుదారులు.

గుంటూరు రైతు అన్న మాటకు ఇప్పుడు ఖమ్మం, వరంగల్, ఆదిలాబాద్, కర్నూలు, రాయచూరు, బస్తరు వరకు ఒక ప్రత్యేకమైన అర్థం ఉంది: స్థానికులు వదిలేసిన రేగడిని నోటిమాట కౌలుకు తీసుకుని, పెద్ద పెట్టుబడితో పత్తో మిరపో వేసి, లాభమైతే రెండో ఏడు విస్తరించి, నష్టమైతే తాళం వేసి పోయే మనిషి. పాత వలసలో మనిషి ఇక్కడి పొలం అమ్మి అక్కడి పొలం కొన్నాడు. కొత్త వలసలో అప్పు తెచ్చి కౌలు కడుతున్నాడు. 2011 నాటి భూఅధీకృత సాగుదారుల చట్టం, 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలు రైతుకు కార్డు ఇచ్చి బ్యాంకు రుణం, పంట బీమా అందించాలని ఉద్దేశించినవే. కాని 2019 చట్టం ఆంధ్రప్రదేశ్‌ది గనుక పొరుగు రాష్ట్రంలో కౌలు చేసేవారికి వర్తించదు. సొంత రాష్ట్రంలో సైతం, భూమి మీద హక్కు పోతుందేమోనన్న భయంతో యజమాని సంతకం పెట్టడానికి వెనుకాడుతుండడం వల్ల అసలు సాగుదారులలో చాలామంది ఆ కార్డుకు నోచుకోలేదు.

ఈ నేల మనుషులను పంపడమే కాదు, రప్పించుకుంటుంది కూడా. ఏటా సంక్రాంతికి అటూ ఇటూగా కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతం నుంచి, ముఖ్యంగా ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం వైపు ఊళ్ల నుంచి వేలాది కుటుంబాలు గుంటూరు, పల్నాడు, ప్రకాశం మిరప కోతలకూ పత్తి తీతలకూ వస్తాయి. ఆ ఊళ్లు తుంగభద్రకు పక్కనే ఉన్నాయి. గుంటూరు రైతు ఏ నది నీటి కోసం పశ్చిమానికి పోయాడో ఆ నది ఒడ్డు నుంచి నీరందని కూలి మనిషి తూర్పుకు వస్తున్నాడన్నమాట. పొలం చివర టార్పాలిన్ పట్టాలు కప్పిన గుడిసెలు, బడి మానిన పిల్లలు, ఘాటు తగిలి మండే కళ్లు, చేతులు, తాగునీటికి రైతు మోటారు మీద ఆధారం, లారీలలోనూ ఆటోలలోనూ కిక్కిరిసిన ప్రయాణాలు, వాటిలో తరచు ప్రమాదాలు: 1953 నాటి క్యాంపు కష్టాల పట్టికలో చలిజ్వరం ఒక్కటి తగ్గిందేమో గాని మిగిలినవి పెద్దగా మారలేదు. బడిబయటి పిల్లల కోసం ఆ కొద్ది నెలలకు తాత్కాలిక వసతి గృహాలను కర్నూలులోనే నడిపే ప్రయత్నాలు జరిగాయి. తల్లిదండ్రులు పిల్లలను విడిచి రావాలంటే ఇంటి దగ్గర ముసలివారైనా ఉండాలి, వారికి తిండి గింజలైనా ఉండాలి. రెండూ ఉన్న కుటుంబం ఇంత దూరం కోతలకు వచ్చేదే కాదు. మిరప కోతలు ముగిసి ఉగాది దగ్గరపడేసరికి ఈ కూలీలు లెక్కలు తేల్చుకుని, ఎన్ని క్వింటాళ్లు కోస్తే ఎంత మిగిలిందో చూసుకుని, ముందే తీసుకున్న అడ్వాన్సు తీరగా మిగిలినదానితో ఆదోని వైపు బయలుదేరుతారు. తీరనివారు వచ్చే ఏడు అదే మేస్త్రీకి మాట ఇచ్చి పోతారు.